పది కిలోమీటర్ల వృత్తం, అందులో సగం సముద్రం

2014 అక్టోబర్ 12, ఆదివారం మధ్యాహ్నం. హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది. విశాఖపట్నం మీద విరుచుకుపడిన తుఫానుగానే అది మనందరికీ గుర్తుండిపోయింది గానీ, నేలను తాకిన చోటుగా ఆ రోజు వార్తల్లో వినిపించిన పేరు వేరే. విశాఖకు నైరుతిలో ఉన్న ఒక పెద్ద మత్స్యకార గ్రామం, పూడిమడక. ఆ రోజు వరకు ఆ పేరు వినని వాళ్ళే ఎక్కువ. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి. విశాఖ దగ్గర సముద్రం మామూలు ఆటుపోట్ల మీద మరో 1.4 మీటర్లు లేచింది.

ఆ పేరును తుఫానుకు ఇచ్చింది ఒమన్ దేశం. హుద్‌హుద్ అంటే ఏమిటో మన పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం)కు ఆయన ఎరగని దేశం నుంచి కబురు తెచ్చిన పక్షి. ఎక్కడో ఒక చోట మనుషులున్నారు, వాళ్ళు ఇలా బతుకుతున్నారు అని పాలకుడికి తెలియజెప్పిన పక్షి. ఆలోచిస్తే జనాభా లెక్కల పని కూడా అదే కదా.

1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. హుద్‌హుద్ నాటికి ప్రాణనష్టం అందులో చిన్న వంతుకు తగ్గింది. కారణం రెండు విషయాలు ఒకే మ్యాపు మీదికి రావడం. తుఫాను ఎక్కడ తాకుతుందో వాతావరణ శాఖ చెప్పింది. ఆ తాకే చోట ఎవరెవరున్నారో రెవెన్యూ సిబ్బందికి, ఊరి పెద్దలకు తెలుసు. ప్రమాదం ఎక్కడ, మనుషులు ఎక్కడ అన్న ఈ రెంటినీ కలిపి చూడటాన్నే స్పేషియల్ అనాలిసిస్ అంటున్నారు. పేరు పెద్దది గానీ విషయం సులువైనదే. ‘ఎంతమంది’ అన్న ప్రశ్న పక్కన ‘సరిగ్గా ఎక్కడ’, ‘ఏ వేళకు’ అన్న ప్రశ్నలు పెట్టి చూడటం.

తుఫాను విషయంలో మనం నేర్చుకున్న ఈ పాఠాన్ని మిగతా విషయాల్లో ఎందుకు పక్కన పెట్టేశాం? పూడిమడకను చూస్తే ఈ అనుమానం గట్టిగా కలుగుతుంది.

ఈ పన్నెండేళ్ళలో ఆ ఊరి చుట్టూ మ్యాపు మారిపోయింది. ఉత్తరాన అచ్యుతాపురం సెజ్, అందులో మందుల కంపెనీలు, రసాయన కంపెనీలు, బ్రాండిక్స్ దుస్తుల పార్కు. దక్షిణాన రాంబిల్లి వైపు నౌకాదళ స్థావరం. పూడిమడక పక్కన ఒకప్పుడు 4,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం పెడతామని ఎన్టీపీసీ అనుకున్న స్థలంలో ఇప్పుడు గ్రీన్ హైడ్రోజన్ హబ్ వస్తోంది. 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని మోదీ దానికి శంకుస్థాపన చేశారు. పెట్టుబడి దాదాపు 1.85 లక్షల కోట్లు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దాని నుంచి తీసే మిథనాల్, యూరియా, విమాన ఇంధనం వగైరా రోజుకు 7,500 టన్నులు. అదే రోజు నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకూ రాయి వేశారు. అక్కడ రాజయ్యపేట మత్స్యకారులు 2025లో రోడ్డెక్కి దీక్షలకు దిగారు. ఇదంతా ఒకే జిల్లా, ఒకే తీరం.

బొగ్గు పోయి హైడ్రోజన్ రావడం మంచిదే. దుమ్ము, బూడిద ఉండవు. కానీ హైడ్రోజన్ మండే వాయువు. యూరియా చేయాలంటే ముందు అమ్మోనియా చేయాలి. అది లీకైతే ఎటు వీస్తుంది, ఆ దారిలో ఎవరుంటారు అన్నది కంపెనీ పేరులో ‘గ్రీన్’ ఉందా లేదా అన్నదానితో మారదు.

పెద్ద పరిశ్రమలకు పర్యావరణ అనుమతి ఇచ్చేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ప్రాజెక్టును మధ్యలో పెట్టి చుట్టూ పది కిలోమీటర్ల వృత్తం గీస్తారు. అందులోకి వచ్చే గ్రామాల జాబితా రాసి, ఎదురుగా జనాభా, ఇళ్ళు, అక్షరాస్యత, ఎస్సీ, ఎస్టీ శాతం నింపుతారు. ఆ అంకెలన్నీ 2011 జనాభా లెక్కల నుంచే. 2021లో జరగాల్సిన లెక్కలు జరగలేదు కాబట్టి వేరే దారి లేదంటారు. సరే, అది అలా ఉంచుదాం. అసలు ఆ వృత్తాన్నే ఒకసారి చూద్దాం.

పూడిమడక ఒడ్డున కంపాస్ ముల్లు పెట్టి పది కిలోమీటర్ల వృత్తం గీయండి. దాదాపు సగం బంగాళాఖాతంలో పడుతుంది. పట్టికలో ఆ సగానికి జనాభా సున్నా. ఊరూ లేదు, ఇల్లూ లేదు, రేషన్ కార్డూ లేదు. మ్యాపు మీద అది నీలం రంగు, అంతే. కానీ తెల్లవారుజామున ఆ నీలం రంగు మీద ఎంతమంది ఉంటారు? పూడిమడక బోట్లు, పక్క ఊళ్ళ బోట్లు, ఒక్కో బోటులో నలుగురైదుగురు. వాళ్ళ పని చోటు అదే. రైతుకు పొలం ఎలాగో వాళ్ళకు ఆ నీళ్ళు అలాగ. రైతు పొలానికి సర్వే నంబరు ఉంటుంది, పాసు పుస్తకం ఉంటుంది. పోతే పరిహారం అడగడానికి కాగితం ఉంటుంది. బోటుకు రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది గానీ, ఆ బోటు ఏ నీళ్ళలో వల వేస్తుందో చెప్పే కాగితం ఏదీ ఉండదు.

అచ్యుతాపురం సెజ్ వ్యర్థజలాలను సముద్రంలోకి వదిలే పైపులైను పూడిమడక తీరం మీదుగానే వెళ్తుంది. దాని మీద మత్స్యకారులు ఎన్నో ఏళ్ళుగా గొడవ పడుతూనే ఉన్నారు. ఆ గొడవల్లో ప్రతిసారీ చిక్కు వచ్చేది ఒకే చోట. ‘నష్టపోయిన వాళ్ళు ఎవరు?’ ఊరు పేరు ప్రకారం లెక్కేస్తే వేటకు వెళ్ళని ఇల్లు కూడా లోపలికి వస్తుంది. పైపు ఊరికి దగ్గరగా ఉందా అని కొలిస్తే, ఆ పైపు నోటి దగ్గరే వల వేసే పక్క ఊరి బోటు బయటికి పోతుంది. చేపను బుట్టలో పెట్టుకుని ఊరూరా అమ్మే ఆడవాళ్ళు, ఎండబెట్టి అమ్మేవాళ్ళు ఏ జాబితాలోకీ రారు. నష్టాన్ని ఇంటి చిరునామాతో కొలుస్తున్నారు. నష్టం జరిగింది సముద్రంలో. ఈ రెండు చోట్లను కలిపే మ్యాపు లేకుండా ఏ అధికారి ఎంత నిజాయతీగా పని చేసినా జాబితా తప్పుగానే వస్తుంది.

అలాంటి మ్యాపు తయారు చేయడం అసాధ్యమేమీ కాదు. ఇప్పుడు చాలా బోట్లలో జీపీఎస్ ఉంటోంది. అది లేని రోజుల్లో కూడా మన జాలర్లు ఒడ్డున కనిపించే కొండ, గుడి, లైట్‌హౌస్ గుర్తులు పెట్టుకుని, ఒకదానికొకటి ఏ వరుసలో కనిపిస్తున్నాయో చూసి, తాము ఎక్కడున్నారో చెప్పేవారు. సర్వేయర్లు చేసేదీ అదే లెక్క. ఏ నెలలో ఏ లోతులో ఏ చేప దొరుకుతుందో పెద్దవాళ్ళ నోట్లో ఉంటుంది. వాళ్ళను కూర్చోబెట్టి పెద్ద మ్యాపు మీద గుర్తులు పెట్టిస్తే చాలు, మొదటి ముసాయిదా వచ్చేస్తుంది. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. కావాల్సింది ‘ఇది కూడా డేటానే’ అని ఒప్పుకోవడం.

సగటు చేసే మాయ

తీరంలో ఇంకో చట్టం ఉంది. 2019 కోస్టల్ రెగ్యులేషన్ జోన్ నోటిఫికేషన్. గ్రామీణ తీరాన్ని అది రెండుగా విడగొట్టింది. 2011 లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మంది కంటే ఎక్కువ ఉంటే ఒక తరగతి, తక్కువ ఉంటే మరో తరగతి. మొదటి తరగతిలో అలల గీత నుంచి 50 మీటర్ల వరకే నిర్మాణాలపై నిషేధం, అది కూడా తీర నిర్వహణ ప్రణాళిక ఆమోదం పొందాకే. రెండో తరగతిలో 200 మీటర్లు. అంటే ఒక జనసాంద్రత అంకె తీరంలో 150 మీటర్ల నేల భవిష్యత్తును తేల్చేస్తుంది.

సాంద్రత అంటే భాగహారం. పైన జనం, కింద విస్తీర్ణం. పైన ఉన్న అంకె గురించి అందరం కొట్లాడతాం, కింద ఉన్న అంకెను ఎవరూ పట్టించుకోరు. ఒక ఊరు ఊహించుకోండి. జనాభా 10,000. రెవెన్యూ గ్రామం విస్తీర్ణం 10 చదరపు కిలోమీటర్లు. సాంద్రత 1,000. పల్చటి ఊరు అని కాగితం చెబుతుంది. కానీ ఆ పదిలో తొమ్మిదిన్నర ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు, జీడి మామిడి, పొలాలు అనుకోండి. జనమంతా ఒడ్డు పక్కన అర చదరపు కిలోమీటరులో ఒకరి గోడ మీద ఒకరి కప్పు వేసుకుని ఉన్నారు. అక్కడ నిలబడి చూస్తే సాంద్రత 20,000. హైదరాబాద్ పాతబస్తీ గల్లీలు గుర్తొస్తాయి. ఇందులో ఏది నిజం? రెండూ నిజమే. ఏ గీత లోపల కొలిచాం అన్నదే తేడా. ఉత్తరాంధ్ర మత్స్యకార గ్రామాల రూపం ఈ రెండో బొమ్మకే దగ్గరగా ఉంటుంది.

జనాభా శాస్త్రంలో ఇది పాత సమస్యే. గీతలు మార్చితే ఫలితం మారిపోతుంది. మన దగ్గర దీన్ని ఎవరికి అనుకూలంగా వాడతారన్నది వేరే ప్రశ్న. 50 మీటర్లయితే పెళ్ళయిన కొడుక్కి మరో గది వేసుకుందామనుకునే మత్స్యకారుడికి లాభం. అదే తలుపు లోంచి రిసార్టు కూడా వస్తుంది. కాబట్టి ఏ తరగతిలో ఉంటే మంచిదని ఒక్క ముక్కలో చెప్పలేం. నిర్ణయం మాత్రం వాళ్ళున్న వాడను కొలిచి చేయాలి, వాళ్ళు లేని తోటలను కలిపి కాదు.

పగలు ఒక జనాభా, రాత్రి ఒక జనాభా

2020 మే 7, తెల్లవారుజాము మూడు గంటల వేళ. విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ లీకైంది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. ఆ ఫ్యాక్టరీ 1961లో హిందుస్తాన్ పాలిమర్స్‌గా మొదలైంది. అప్పుడు చుట్టూ జనం పల్చగా ఉండేవారు. నగరం పెరిగి, ఇళ్ళు ప్రహరీ గోడ దాకా వచ్చేశాయి. లాక్‌డౌన్ రోజులు కావడంతో ఫ్యాక్టరీలో మనుషులు తక్కువ, ఇళ్ళలో అందరూ నిద్రలో. చనిపోయింది ఎక్కువగా చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు.

2024 ఆగస్టు 21, మధ్యాహ్నం రెండు దాటాక. అచ్యుతాపురం సెజ్‌లో ఎసైన్షియా ఫార్మాలో పేలుడు. 17 మంది చనిపోయారు. చనిపోయిన వాళ్ళు అందులో పనిచేసేవాళ్ళు. భోజన విరామం కావడంతో చాలామంది పేలుడు జరిగిన చోటుకు దూరంగా ఉన్నారని, లేకపోతే ఇంకా ఘోరంగా ఉండేదని అప్పట్లో అందరూ అన్నారు.

ఈ రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒక ఫ్యాక్టరీకి ప్రమాద ప్రణాళిక రాయాలంటే జనాభా అంకె ఒకటి సరిపోదు. రాత్రి మూడింటికి చుట్టూ ఎవరు, పగలు రెండింటికి లోపల ఎవరు అన్నవి రెండు వేర్వేరు మ్యాపులు. జనాభా లెక్కలు ఇచ్చేది రాత్రి మ్యాపు మాత్రమే, అంటే మనుషులు పడుకునే చోటు. అచ్యుతాపురంలో పగటి మ్యాపు పూర్తిగా వేరు. చుట్టుపక్కల మండలాల నుంచి బస్సుల్లో వేలమంది ఆడపిల్లలు దుస్తుల ఫ్యాక్టరీలకు వస్తారు. 2022లో జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మరోసారి అక్కడి సీడ్స్ కంపెనీలో విషవాయువు పీల్చి వంద మందికి పైగా అమ్మాయిలు పడిపోయారు. జనాభా లెక్కల్లో ఆ అమ్మాయిలు వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో ఉన్నారు. ప్రమాదం వాళ్ళను పట్టుకున్నది అచ్యుతాపురంలో.

ప్రమాదం తర్వాత వాళ్ళను తీసుకెళ్ళింది అనకాపల్లి, విశాఖ ఆసుపత్రులకు. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే అనకాపల్లి దగ్గరే. రోడ్డు మీద, షిఫ్టు వదిలే సమయంలో, కంపెనీ బస్సులు, కంటైనర్ లారీల మధ్య అంబులెన్స్‌లో కొలిస్తే దగ్గర కాదు. ఆ రోడ్డు విస్తరణ గురించి ఏళ్ళుగా వింటూనే ఉన్నాం. స్పేషియల్ అనాలిసిస్ చేసేవాళ్ళు దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో కొలవమనేది ఇందుకే. కాలిన గాయాల వార్డు ఎక్కడ పెట్టాలన్నది ఆ నిమిషాల లెక్క మీద తేల్చాల్సిన విషయం.

2011 లెక్కలు పాతబడ్డాయి కాబట్టి ఈలోగా ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి కదా అని కొందరు అంటారు. ఉన్నాయి. బ్రిటన్‌లో సౌతాంప్టన్ యూనివర్సిటీ వాళ్ళ వరల్డ్‌పాప్, అమెరికాలో ఓక్ రిడ్జ్ లాబొరేటరీ వాళ్ళ ల్యాండ్‌స్కాన్ లాంటివి భూమిని చిన్న చిన్న గళ్ళుగా చేసి, ఒక్కో గడిలో ఎంతమంది ఉంటారో అంచనా వేస్తాయి. ల్యాండ్‌స్కాన్ అయితే పడుకునే చోటు మాత్రమే కాకుండా 24 గంటల సగటు చూస్తుంది. పనికొచ్చేవే. కానీ ఇవి గాల్లోంచి మనుషులను లెక్కపెట్టవు. పాత జనాభా లెక్కల అంకెను తీసుకుని, కప్పులు, రోడ్లు, రాత్రి దీపాలు చూసి పంచుతాయి. పూడిమడకలో రెండు గదుల ఇంట్లో మూడు కుటుంబాలుంటే కప్పు ఒక్కటే కనిపిస్తుంది. సెజ్‌లో దీపాలు దేదీప్యమానంగా వెలిగే గోదాములో రాత్రి ఇద్దరు వాచ్‌మెన్లే ఉంటారు. గాలిలోంచి చూసింది నేల మీద సరిచూసుకోకపోతే ఇలాంటి తప్పులే వస్తాయి.

రాష్ట్ర ప్రభుత్వం దగ్గర ఇంకో ఖజానా ఉంది. 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాలు. గ్రామాల్లో సుమారు రెండు వేల మందికి ఒకటి చొప్పున పెట్టారు. ఇంటింటి వివరాలు వాటి దగ్గర ఉన్నాయి. జనాభా లెక్కల కంటే అది తాజా. అయితే ఆ జాబితా పథకాల కోసం పుట్టింది, కాబట్టి పథకం అందని మనిషి అందులో కనిపించడు. అచ్యుతాపురంలో అద్దె గదుల్లో ఆరేసి మంది చొప్పున ఉండే ఒడిశా, బీహార్ కుర్రాళ్ళకు ఇక్కడ రేషన్ కార్డు లేదు, పెన్షన్ లేదు, ఓటు లేదు. రెండు జాబితాల్లోనూ లేని మనిషి వాడు. ఫ్యాక్టరీ పక్కనే ఉండేది కూడా వాడే.

మనకు తెలిసిన పాత కథ

గీత ఎక్కడ గీశారన్నదాని మీద మనుషుల బతుకు ఎలా ఆధారపడుతుందో మన సముదాయానికి అనుభవం ఉంది. 2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. దాని తర్వాత 2008లో కేంద్రం మైనారిటీలు ఎక్కువగా ఉన్న 90 జిల్లాలను ఎంపిక చేసి నిధులు ఇచ్చింది. యూనిట్ జిల్లా. ఆ 90లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఒక్క జిల్లా కూడా లేదు. హైదరాబాద్ పాతబస్తీ లేదు, కర్నూలు పాతపట్నం లేదు, కడప లేదు. జిల్లా సగటులో వాటి పేదరికం కరిగిపోయింది. ఎంపికైన జిల్లాల్లో కూడా, డబ్బు జిల్లాకు వచ్చినా మైనారిటీల వాడకు చేరలేదని ఫిర్యాదులు వచ్చాయి. ఆ తర్వాత 12వ ప్రణాళికలో యూనిట్‌ను జిల్లా నుంచి బ్లాకులకు, పట్టణాలకు దించారు. జనం మారలేదు, పేదరికమూ మారలేదు. గీత చిన్నదైంది, అంతే, అప్పటిదాకా కనిపించని వాడలు కనిపించడం మొదలైంది.

ఎస్సీ, ఎస్టీల అంకెలు జనాభా లెక్కల్లో గ్రామం స్థాయి వరకు దొరుకుతాయి. మతం వివరాలు మండలం, పట్టణం వరకే ఇస్తారు. వెనుకబడిన కులాల లెక్క అసలే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకార కులాలు బీసీ-ఏలో ఉన్నాయి. అంటే పూడిమడక మత్స్యకారుడూ, పక్క పట్టణంలోని దూదేకుల కుటుంబమూ ఒకే రకంగా పట్టికలో మాయమవుతున్నారు. తెలంగాణలో 2024 నవంబర్‌లో చేసిన ఇంటింటి సర్వే తర్వాత ముస్లింలు 12.56 శాతం, అందులో బీసీ ముస్లింలు 10.08 శాతం అని తేలింది. రాష్ట్ర స్థాయిలో ఇది పెద్ద సమాచారమే. కానీ ఆ పది శాతం ఏ వాడల్లో ఉన్నారు, అక్కడ నల్లా ఉందా, ఉర్దూ మీడియం బడికి నడిచి వెళ్ళడానికి ఎన్ని నిమిషాలు అన్నది తేలితే గానీ పాలసీకి పనికిరాదు.

ఇప్పుడు 2027 జనాభా లెక్కలు వస్తున్నాయి. ఇళ్ళ జాబితా 2026 ఏప్రిల్–సెప్టెంబర్ మధ్య, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. మొదటిసారి అంతా మొబైల్‌లో. కులం అడుగుతారు. బ్లాకులను వెబ్ మ్యాపు మీద గీస్తారు, కట్టడాలను మ్యాపు మీద గుర్తిస్తారు. అంటే పూడిమడకలో సరుగుడు తోటను వేరు చేసి, వాడను మాత్రమే కొలవడం మొదటిసారి సాధ్యమవుతుంది.

సాధ్యమవుతుంది అన్నాను, జరుగుతుంది అనలేదు. మొదటి అనుమానం ఫిబ్రవరి గురించి. ఉత్తరాంధ్ర తీరం నుంచి వేలమంది మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్‌కు, ఒడిశాలోని పారాదీప్‌కు వేటకు వెళ్తారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్‌లో వెరావల్‌లో చిక్కుకున్న వాళ్ళను బస్సుల్లో తెచ్చినప్పుడు గానీ ఆ సంఖ్య ఎంత పెద్దదో చాలామందికి తెలియలేదు. లెక్కల రోజులు మొత్తం ఊళ్ళో లేని మనిషిని అతనున్న చోటే లెక్కపెట్టాలన్నది జనాభా లెక్కల నియమం. ఫిబ్రవరి వేట నడిచే కాలం. కాబట్టి వలస వేట ఉన్న ఊళ్ళలో మగవాళ్ళ సంఖ్య తక్కువగా వస్తుంది, ఆ లెక్క మీదే నీళ్ళ ట్యాంకు, తుఫాను షెల్టరు సైజు తేలుస్తారు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. ఆ రెండు నెలలు మగవాళ్ళు ఇళ్ళలో ఉంటారు. తుఫాను కాలం వేరు. అంటే ఊరి జనాభా ఒక అంకె కాదు, నెలను బట్టి మారే అంకె. మత్స్యకార భృతి కోసం 2025లో ప్రభుత్వం 1.29 లక్షల కుటుంబాలను గుర్తించి 20,000 రూపాయల చొప్పున ఇచ్చింది. ఆ జాబితాను, బోట్ల రిజిస్ట్రేషన్‌ను జనాభా లెక్కల పక్కన పెట్టి సరిచూస్తే తేడా ఎంతో తెలిసిపోతుంది.

రెండో అనుమానం మన పాఠకులకు ఇప్పటికే వచ్చి ఉంటుంది. ప్రతి ఇల్లూ మ్యాపు మీద చుక్క అయితే, ఆ చుక్కకు కులం, మతం జత అయితే, అది ఎవరి చేతిలో ఉంటుంది? ఈ భయాన్ని కొట్టిపారేయడం తప్పు. 1942లో అమెరికాలో జపాన్ మూలాలున్న పౌరులను శిబిరాలకు తరలించినప్పుడు, వాళ్ళు ఏ పేటల్లో ఉన్నారో చూపే చిన్న ప్రాంతాల పట్టికలను సైన్యానికి ఇచ్చింది ఆ దేశపు సెన్సస్ శాఖే. పేర్లు లేని పట్టికలే సరిపోయాయి. 2000 సంవత్సరంలో ఆ శాఖ తప్పు ఒప్పుకుంది. ఎప్పటికి? 58 ఏళ్ళకి.

మన 1948 సెన్సస్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తి ఇచ్చిన వివరాలు రహస్యం, వాటిని ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగా వాడటానికి వీల్లేదు. చట్టం గట్టిదే. కానీ అది రాసినప్పుడు చుక్కల మ్యాపు లేదు. పేరు దాచినంత మాత్రాన వాడ దాగదు. నా అభిప్రాయంలో దీనికి జవాబు లెక్కలకు దూరంగా ఉండటం కాదు. లెక్కలో లేకపోతే ఏమవుతుందో 90 జిల్లాల జాబితా చూపించింది. అడగాల్సింది ఇది: నీళ్ళు, బడి, ఆసుపత్రి, ఇంటి రకం లాంటి వివరాలను వాడ స్థాయిలో బయటపెట్టండి. మతం, కులం వివరాలను చిన్న వాడ స్థాయిలో మ్యాపుగా బయటపెట్టకండి, ప్రమాణాలకు లోబడి పరిశోధకులకు, ప్రణాళిక శాఖకు ఇవ్వండి. ఎవరు ఎందుకు చూశారన్నది నమోదు చేయండి. పోలీసు శాఖకు ఆ దారి మూసేయండి. ఇళ్ళ జాబితా పని నడుస్తున్నప్పుడే ఈ నియమాలు రాసి ప్రకటిస్తే నమ్మకం పెరుగుతుంది, లెక్క కూడా సరిగ్గా వస్తుంది. భయపడిన మనిషి సగమే చెబుతాడు.

జిల్లా అధికారులు మాత్రం ఢిల్లీ కోసం ఆగక్కర్లేదు. అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4న పుట్టింది. కొత్త జిల్లా, పాత ఫైళ్ళ బరువు తక్కువ. హైడ్రోజన్ హబ్ పని పూర్తయ్యేలోపు మూడు పనులు చేయొచ్చు. పూడిమడక మత్స్యకారులతో కూర్చుని వాళ్ళ వేట నీళ్ళ మ్యాపు. సెజ్ కంపెనీల నుంచి షిఫ్టుల వారీగా ఎంతమంది లోపల, ఏ బస్సు ఏ ఊరి నుంచి అన్న వివరం. అద్దె గదుల ఇంటింటి లెక్క, కార్డు ఉందా లేదా అని అడగకుండా. రెండో విడత ఫిషింగ్ హార్బర్ల జాబితాలో పూడిమడక పేరు ఉంది. ఆ మొదటి మ్యాపు లేకుండా హార్బర్ ఎక్కడ కట్టాలో తేల్చడం కూడా గుడ్డి లెక్కే అవుతుంది.

ఇళ్ళ జాబితా కోసం ఎన్యూమరేటర్ పూడిమడక వాడలోకి వచ్చేసరికి కొన్ని తలుపులకు తాళాలు ఉంటాయి. మగవాళ్ళు వేటలో, ఆడవాళ్ళు చేపల బుట్టతో అచ్యుతాపురం సంతలో, కూతురు కంపెనీ బస్సులో. ‘తాళం వేసి ఉంది’ అని మొబైల్‌లో నొక్కి పక్క ఇంటికి వెళ్ళిపోవడం తేలిక. సాయంత్రం ఏడింటికి మళ్ళీ రమ్మని ఆ టీచర్‌కు చెప్పాల్సింది ఎవరు, ఆ రెండో రాకకు భత్యం ఇవ్వాల్సింది ఎవరు అన్నది తహసీల్దార్ ఆఫీసు ఇప్పుడే తేల్చుకోవాలి.